స్కేలు కోసం

కందుకూరు ఆర్ అండ్ బి ఆఫీసు వెనకగది తాళం
చెవికి లొంగలేదు.
నాసరయ్య రాయితో ఒక్కటిచ్చాడు.
రోడ్డు పుట్టుపూర్వోత్తరాలన్నీ లోపల
కలరా ఉండల వాసనేస్తూ పడి ఉన్నాయి.

నెలాఖరులోగా స్కాన్ చేసి పంపమన్నారు.
ముందు ముద్రలు చూశాను:
నెల్లూరు. దాని మీద ఒంగోలు. దాని పక్కన ప్రకాశం.
మొన్న మార్చిన అట్ట మీద మళ్ళీ నెల్లూరు.
రోడ్డు మాత్రం గుడ్లూరు వైపే పోతోంది,
ఎవరి జిల్లా అయితే నాకేంది అన్నట్టు.

చింతచెట్లకో రిజిస్టరు.
ఏడో మైలు, పద్నాలుగో నంబరు చెట్టు,
కాయ వేలం నాలుగు రూపాయల రెండణాలు,
పాడుకున్నది షేక్ మస్తాను.
చెట్టు చెట్టుకీ ఒక బతుకు.
ఆఖరి గడిలో ఎర్రసిరాతో ఒకే మాట, నూటపదకొండు సార్లు:
కొట్టివేయడమైనది.
రోడ్డు వెడల్పు. సరే.

ఆ పేజీల్లోంచి జారింది ఫొటో.
పోస్టుకార్డంత. ఒక మూల చెమ్మ తినేసింది.
మన్నేరు మీద రాతి చప్టా, కొత్తది,
దరజుల్లో సున్నం ఇంకా తెల్లగా.
చివర ఒక మనిషి, తలగుడ్డతో,
అంకెలు వెలిసిపోయిన కొలబద్ద పట్టుకుని.
వెనక ఇంజనీరుగారి ఇంగ్లీషు గొలుసుకట్టు.
మన మాటల్లో చెప్పాలంటే:
"చప్టా, ఎగువ వైపు. స్కేలు కోసం కూలీ."

చప్టా ఎంతుందో తెలియడానికి మనిషి.
నేను లెక్క తిరగేశాను.
నక్షాలో ఒడ్డుగోడ ఎత్తు ఉంది, దాంతో ఆయన్ని కొలిచాను.
ఐదడుగులకు ఒక అంగుళం తక్కువ.
పొట్టాయన, అనుకున్నాను.
పోయి టీ తాగొచ్చాను.

స్కాన్ పెద్దది చేసుకుంటూ
తెర మీద పాదాల దాకా దిగాను.
మెట్టెలు.

తలగుడ్డ కాదది, తట్ట కింద చుట్టకుదురు.
ఆయన కాదు.
రాయి కాలుతోందేమో,
ఎడమ పాదం మీద కుడి పాదం పెట్టుకుని
బద్దను మాత్రం
నిట్టనిలువుగా పట్టుకుంది.

ఆ పక్షం మస్టర్ రోలు మూడో బీరువాలో దొరికింది.
మగకూలి రూపాయి పావలా, ఆడకూలి పన్నెండణాలు.
ఆడవాళ్ళు ఎనిమిది మంది.
ఇండ్ల పోలమ్మ. దార్ల సుందరమ్మ.
చెంచమ్మ, ఇంటిపేరు రాయలేదు.
షేక్ సైదాబీ. కత్తి రాహేలమ్మ.
ఇంకో పోలమ్మ, భర్త పేరు వేరు.
వల్లెపు అంకమ్మ.
ఎనిమిదో పేరును చెదలు తింటూ తింటూ
కొసన "మ్మ" ఒక్కటి వదిలిపెట్టాయి.
ఎదురుగా వేలిముద్రలు.
వాటిలో గీతల్లేవు,
కంకర అరగదీసిన నున్నటి మరకలు.

"ఫొటోలో ఉన్నవారు" అని కంప్యూటర్లో ఒక గడి.
"చప్టా అని కొట్టి పంపించెయ్యమ్మా, పొద్దుపోయింది"
అన్నారు ఏఈ గారు, బ్యాగు తగిలించుకుంటూ.
ఎనిమిదీ కొట్టాను, ఆ "మ్మ"తో సహా.
గడి పట్టలేదంది.
రెండోసారీ అదే మాట.
చప్టా అని కొట్టాను.

తర్వాత పెన్సిలు తీసుకుని ఫొటో వెనక,
ఇంజనీరుగారి రాత కింద, ఎనిమిదీ రాశాను.
రికార్డు పాడుచేయడమే. తెలుసు.
నాసరయ్య చూసి ఏమనలేదు,
"మా ఇంటిదీ తారు పనికే పోద్ది మేడం,
చెప్పులు కరుగుతాయని గోనెపట్టలు కట్టుకుంటది"
అని మాత్రం అని, లైటార్పాడు.

ఆదివారం మధ్యాహ్నం బండేసుకుని పోయాను.
వంతెన పైన లారీలు.
కింద సర్కారు తుమ్మల్లో చప్టా, సగం ఉంది.
చెప్పులు విడిచి చివర నిలబడ్డాను.
పదకొండు లెక్కపెట్టేసరికి
కుడికాలు దానంతటదే లేచింది.

ఫొటో తీసినాయన ఆమెను ఎంతసేపు నిలబెట్టాడో
ఏ ఫైల్లోనూ లేదు.